మైకమ్మ కుర్చీ దిగిన ఏడాది

ఆ స్టేషన్లో రోజూ రైలెక్కే వాళ్ళందరికీ మైకమ్మ గొంతు తెలుసు. మొహం మాత్రం పట్టుమని పదిమందికి కూడా తెలియదు. "ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అని ఆవిడ మొదలుపెడితే చాలు, బెంచీల మీద కునికిపాట్లు పడేవాళ్ళు ఉలిక్కిపడి సామాన్లు సర్దుకునేవారు. చంటిపిల్లలు ఏడుపు ఆపేసి, మాట్లాడేది ఎవరా అని పైకప్పుకేసి చూసేవారు. అసలు పేరుతో ఆవిణ్ణి పిలిచేవాళ్ళే లేరు. స్టేషన్ మాస్టరు దగ్గర్నుంచి టికెట్ల గుమస్తా దాకా అందరికీ మైకమ్మే. ఇంట్లో అత్తగారు కూడా ఎవరైనా అడిగితే "మా మైకమ్మ డ్యూటీకెళ్ళింది" అనేది.

ఆవిడ కూర్చునే గది ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పైన, రెండంతస్తుల ఎత్తున, అద్దాల పెట్టెలా ఉండేది. చేరిన కొత్తల్లో అక్కడ మామూలు కర్ర కుర్చీ. తర్వాత అందరినీ పోరి పోరి చక్రాలున్న మెత్తటి తిరుగుడు కుర్చీ వేయించుకుంది. ఇక చూసుకోండి. మైకు నుంచి ఫోను దాకా, ఫోను నుంచి కిటికీ దాకా, కాలితో నేలను ఓ తన్ను తన్ని జారుకుంటూ పోవడమే. మంచినీళ్ళు కుడిచేతికి అందేలా, భోజనం డబ్బా ఎడమచేతికి అందేలా, ఫ్యాను స్విచ్చి నొక్కడానికి ఒక పొడుగాటి కర్ర. అన్నిటికన్నా ఘనమైనది టీ ఏర్పాటు. కిటికీలోంచి కిందికి ఒక తాడు, తాడు చివర ఓ చిన్న బుట్ట. కింద టీ కొట్టాయన ఫ్లాస్కు అందులో పెట్టి తాడు లాగితే పైన గంట మోగేది. మైకమ్మ కుర్చీలోంచి లేవకుండానే బుట్టను పైకి చేదుకునేది, నూతిలోంచి నీళ్ళు తోడినట్టు. ఈ వైభోగం చూసిపోదామని పార్సిల్ ఆఫీసు వాళ్ళు పనిగట్టుకుని పైకొచ్చేవారు. బుర్రంటే మైకమ్మదీ అని మెచ్చుకునేవారు. ఆవిడ పొంగిపోయేది. ఎంత తక్కువ కదిలితే అంత తెలివైనవాళ్ళ కింద లెక్క అని ఆవిడ గట్టి నమ్మకం.

ఇంటి దగ్గరా అంతే. భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టరు. పొద్దున్నే స్కూలు కారులో ఆవిణ్ణి స్టేషన్ గుమ్మంలో దింపేవాడు, సాయంత్రం అదే గుమ్మంలో ఎక్కించుకునేవాడు. ఆయనదీ కూర్చునే ఉద్యోగమే. రోజంతా పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు ఎవరినెక్కడ గుద్దుతారోనని కుడికాలు బ్రేకు మీద పెట్టుకుని బిగుసుకుపోవడం. ఇద్దరూ ఇంటికొచ్చి సోఫాకి చెరో చివర కూలబడేవారు. అత్తగారు చిన్నప్పట్నుంచీ ఒక హాస్టల్లో వంటమనిషిగా పనిచేసి రిటైరైన మనిషి. కాలు నిలవదు. ఆవిడ వీళ్ళిద్దరినీ చూసి, పొద్దస్తమానం కూర్చుని కూర్చుని అలిసిపోయి వచ్చి మళ్ళీ కూర్చుంటారేమిట్రా అని ఆశ్చర్యపోయేది. కూతురు కాలేజీలో చేరింది. దాని లోకం దానిది.

అలా నడిచిపోతుండగా ఒకరోజు లిఫ్టు పాడైంది.

మైకమ్మకి మెట్లు ఎటువైపున్నాయో కూడా సరిగ్గా గుర్తులేదు. టికెట్ల గుమస్తాని అడిగి తెలుసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి అంతస్తు దగ్గర కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. రెండో అంతస్తుకి చేరేసరికి కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయి. గదిలోకి వెళ్ళేసరికి ఫోను మోగుతోంది, బండి వచ్చేస్తోంది, చెప్పమని. ఊపిరి తీసుకునే తీరిక లేదు. మైకు నొక్కింది. "ప్రయాణికులు దయచేసి..." అంది. తర్వాత మాట రాలేదు. బుస్సు బుస్సుమని ఒగర్పు మాత్రం వచ్చింది. అది స్టేషన్ నిండా, ఇటు ఒకటో నంబరు నుంచి అటు చివరిదాకా, కొలిమితిత్తి ఊదినట్టు మారుమోగింది. కంగారులో మైకు కట్టేయడం కూడా మర్చిపోయింది. ఎవరో ఈలవేశారు. ఎవరో పగలబడి నవ్వారు. మూడో నంబరు అని చెప్పడానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది.

ఆవేళ ఆవిడ కూతురు కాలేజీ వాళ్ళతో ఊరెళ్ళి అదే స్టేషన్లో దిగింది. సాయంత్రం తల్లి ఇంటికి రాగానే మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. స్నేహితుల ముందు తల వంపులైందేమోనని మైకమ్మే నొచ్చుకుని, లిఫ్టు సంగతి చెప్పబోయింది. కూతురు మధ్యలోనే అందుకుంది.

"వాళ్ళంతా నవ్వారమ్మా. నేను నవ్వలేదు. పైన నువ్వు చచ్చిపోతున్నావేమో అనుకున్నాను."

మర్నాడే భర్త ఆవిణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ గుండె చూసింది, రక్తం చూసింది, బరువు చూసింది, మోకాళ్ళు నొక్కి చూసింది. ఏ పనిచేస్తారని అడిగింది. మైకమ్మ చెప్పింది. తాడూ బుట్టా సంగతి కూడా, కాస్త గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మీకు జబ్బేమీ లేదండీ. కుర్చీ ఉంది" అంది.

తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పింది. రోజంతా కదలకుండా కూర్చుని, ఏదో ఒక పూట ఆవేశంగా నడిచేస్తే సరిపోదట. ఆ కూర్చోవడాన్నే మధ్యమధ్యలో తెంచుతుండాలట. సందు దొరికితే లేవాలి, నిలబడాలి, నాలుగడుగులు వెయ్యాలి. అంతకుమించి మందులూ వద్దు మాకులూ వద్దు అంది.

మైకమ్మ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి, ఆ చిన్న చిన్న నడకలతో ఏమవుతుందిలే అనుకుని, చేస్తే పెద్దగానే చెయ్యాలని ఖరీదైన బూట్లు కొంది. తెల్లవారుజామున లేచి ఊరి చుట్టూ నడుస్తానని అందరికీ చాటింది. మొదటిరోజు వెళ్ళింది. రెండోరోజు వెళ్ళి కాళ్ళు పట్టేసి ఆటోలో తిరిగొచ్చింది. మూడోరోజు నుంచి అలారం మోగేది, ఆవిడ చెయ్యి చాపి దాని నోరు నొక్కేసేది. బూట్లు గుమ్మం పక్కన తళతళలాడుతూ కూర్చున్నాయి. వాటిని చూసినప్పుడల్లా ఆవిడకి మొహం చెల్లేది కాదు.

చివరికి అత్తగారే పట్టుకుంది. కూరలు తరుగుతూ, ఇంతకీ ఆ డాక్టరమ్మ ఏమందే, మాటకి మాట చెప్పు అంది. కోడలు చెప్పింది. అత్తగారు కత్తిపీట పక్కన పెట్టేసింది.

"మరి ఆవిడ కొండలెక్కమనలేదు కదే అమ్మాయ్. కుర్చీలోంచి లేవమంది. అది చెయ్యకుండా నువ్వు ఊళ్ళు తిరగడానికి బయల్దేరావు. నేను హాస్టల్లో ఇన్నేళ్ళు చేశానే, ఏనాడైనా పనిగట్టుకుని నడిచానా? ఉప్పు ఒక గదిలో, పప్పు ఒక గదిలో ఉండేవి. అంతే."

ఉప్పు ఒక గదిలో, పప్పు ఒక గదిలో. ఆ మాట మైకమ్మ బుర్రలో గింగిర్లు తిరిగింది. ఇంతకాలం తను చేసిన గొప్ప పనల్లా, ఉప్పూ పప్పూ తెచ్చి ఒడిలో పెట్టుకోవడమే కదా.

మర్నాడు గదిలోకి అడుగుపెడుతూనే అన్నీ తారుమారు చేసేసింది. మంచినీళ్ళు తీసుకెళ్ళి వరండా చివర పెట్టింది. గుక్కెడు నీళ్ళు కావాలంటే లేవాల్సిందే. భోజనం డబ్బా కింద గుమస్తా గదిలో పెట్టమంది. ఫ్యాను కర్ర విరిచి పారేసింది. తాడు ఊడదీసి చుట్ట చుడుతుంటే కింద టీ కొట్టాయన తల పైకెత్తి, ఏం మేడమ్, నా టీ బాగుండట్లేదా అని బిక్కమొహం వేశాడు. నేనే కిందికొచ్చి తాగుతానంది. ఆయన నమ్మలేదు. ఆవిడ నిజంగానే దిగొచ్చేసరికి గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ బుట్టలో టీ పంపిన మనిషి, ఆ టీ తాగే మనిషి మొహం దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

ఇక నిలబడటం. మైకు కాడను పైకి లాగి, నిలబడి చెబితే ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. రెండో నంబరుకి బండి వస్తోంది. కాళ్ళు కాస్త ఎడం చేసి నిలబడి, "ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అంది. అని, తనే ఆగిపోయింది. ఇదెవరి గొంతు? కూర్చున్నప్పుడు గొంతు మెడలోంచి వచ్చేది. ఇప్పుడు ఎక్కడో కడుపు అడుగునుంచి, గదులన్నీ దాటుకుంటూ, దర్జాగా నడిచొచ్చినట్టు వచ్చింది. వాక్యం చివరిదాకా ఊపిరి సరిపోయింది, ఇంకా మిగిలింది కూడా. ఆ మిగిలిన ఊపిరితో ఏం చెయ్యాలో తోచక, "మీ ప్రయాణం సుఖంగా సాగాలి" అని కాగితంలో లేని మాట ఒకటి చేర్చేసింది. కింద చీపురు పట్టుకున్న ఊడ్చే ఆవిడ ఆగి అద్దాల గదికేసి చూసింది. మధ్యాహ్నం గుమస్తా వచ్చి, పైన కొత్త మనిషి చేరిందా అని అడిగాడు. ఆవేళ మైకమ్మ ఇంటికెళ్ళి ఆ సంగతే ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. భర్తని కూడా నిలబెట్టి మాట్లాడించి చూసింది. ఆయన ఇబ్బందిగా నిలబడి, "ఎడమవైపు ఇండికేటర్ వెయ్యండి" అన్నాడు. నిజమే, గొంతు మారిందన్నారు అందరూ.

అక్కడినుంచి ఆవిడకి పట్టపగ్గాల్లేవు. లిఫ్టు బాగుచేశారు గానీ ఆవిడ అటు చూడలేదు. మెట్లు మొదట్లో ఒక అంతస్తుకి ఒకసారి ఆగి, తర్వాత మలుపుల దగ్గర ఆగి, తర్వాత ఆగడం మర్చిపోయి ఎక్కేసింది. మర్చిపోయిన రోజున పైకెళ్ళాక గానీ తట్టలేదు, ఎక్కడా ఆగలేదని. మళ్ళీ కిందికి దిగి, నిజమా కాదా అని మళ్ళీ ఎక్కింది.

తర్వాత బండికీ బండికీ మధ్య ఖాళీ దొరికినప్పుడు ప్లాట్‌ఫారాల మీదికి వెళ్ళడం మొదలైంది. ఇక్కడే ఆవిడకి అసలు సంబరం పుట్టింది. ఇన్నేళ్ళూ "ఏడో నంబరు ప్లాట్‌ఫారం, ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫారం" అని రోజూ చెప్పిందే గానీ, ఏనాడూ ఐదోది దాటి అడుగు పెట్టలేదు. కిటికీలోంచి చూస్తే మధ్యలో రేకుల కప్పులు అడ్డం. ఇప్పుడు వంతెన మీద నడుచుకుంటూ పోతుంటే, తన నోట్లో అంకెలుగా ఉన్నవన్నీ ఒక్కొక్కటీ చోట్లయిపోతున్నాయి. ఆరోదాని మీద గడియారం ముందుకు పరిగెడుతోంది, ఎవరూ పట్టించుకోరు. ఏడోదాని మీద కొళాయి ఒకటుంది, ఆ నీళ్ళంత చల్లటి నీళ్ళు స్టేషన్ మొత్తం మీద లేవు. ఎనిమిదోది విల్లులా వంగి ఉంటుంది, ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. ఇన్నాళ్ళూ పెళ్ళిచూపులు కూడా లేకుండా ఉత్తరాల్లో కాపురం చేసినట్టుంది నా పని అని గుమస్తాతో చెప్పి నవ్వింది. ఒకరోజు ఒక ప్లాట్‌ఫారం, మర్నాడు ఇంకొకటి. పొద్దున లేస్తూనే ఇవాళ ఎటు వెళ్ళాలా అని ఆలోచించేది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో కూడా ఆవిడకి అంత హుషారు లేదు.

అలా తిరుగుతుండగానే ఒక సంగతి బయటపడింది. ఎనిమిదో నంబరు చివర, కప్పు అయిపోయి ఎండ పడేచోట, స్పీకరు గోడవైపు తిరిగి ఉంది. మధ్యాహ్నం గుమస్తా చేత మైకులో మాట్లాడించి, తను అక్కడ నిలబడి విన్నది. గొణుగుడు తప్ప ఒక్క ముక్క అర్థంకాలేదు. అంటే ఇన్నేళ్ళూ ఆ చివర నిలబడ్డవాళ్ళకి తను చెప్పింది చెప్పనట్టే. స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన మంచివాడే గానీ నిదానస్తుడు. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా మేడమ్ అన్నాడు. వినపడనివాళ్ళకి వినపడలేదని ఎలా తెలుస్తుంది సార్ అంది మైకమ్మ. ఆయన గడ్డం గోక్కుని, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం చాలా వారాలు నడిచింది.

ఈలోగా వచ్చింది ఆ రోజు.

పొద్దున ఎనిమిదో నంబరు మీద తిరుగుతుంటే, ఎండచివర్న నారింజరంగు బనీన్లు వేసుకున్న ఆడపిల్లల జట్టు ఒకటి కనపడింది. వాలీబాల్ ఆడేవాళ్ళు. బ్యాగులు కుప్పగా పడేసి, గుండ్రంగా నిలబడి బంతి ఎగరేసుకుంటున్నారు. అంత ఆటలోనూ ఒక్క అరుపు లేదు, కేక లేదు. మైకమ్మకి వింతగా తోచి దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు చేతులతో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ కోచ్ కూడా, పొట్టిజుట్టు మనిషి, చేతులతోనే జవాబిస్తోంది. పుట్టు చెవుడు వాళ్ళందరికీ. ఎక్కడికమ్మా అని మైకమ్మ నోటితో అడిగి, తర్వాత నాలిక కరుచుకుని, చేత్తో అడిగింది. ఒకమ్మాయి నవ్వి టికెట్ తీసి చూపించింది. మధ్యాహ్నం బండి. పోటీలకి వెళ్తున్నారు. బంతిని చూపించి, గెలుస్తారా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది మైకమ్మ. అమ్మాయిలు అందరూ కలిసి ఒకేసారి తలలూపారు, అదేం ప్రశ్న అన్నట్టు. అక్కడినుంచి నవ్వుకుంటూ గదికి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఎనిమిదో నంబరు దారిలో గూడ్సు బండి ఒకటి మొరాయించి ఆగిపోయిందట. ఆ పోటీల బండిని రెండో నంబరు మీదికి తీసుకుంటున్నారు. ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. మైకమ్మ నిలబడి, తాపీగా, స్పష్టంగా మూడుసార్లు చెప్పింది. కింద వంతెన మెట్ల మీద జనం ఉరుకులు పరుగుల మీద ఇటు రావడం కనపడింది. పని అయిపోయిందనుకుని వెనక్కి తిరగబోయి, కిటికీ దగ్గర ఆగిపోయింది.

రేకుల కప్పులన్నీ దాటాక, దూరంగా, గోరంత మేర ఎనిమిదో నంబరు చివర కనపడుతుంది. అక్కడ ఎండలో నారింజరంగు చుక్కలు. బంతి పైకి లేచింది. కిందికి దిగింది. మళ్ళీ లేచింది.

పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. స్పీకరు సరిగ్గా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇన్నేళ్ళ తన గొంతు ఆ పిల్లలకి ఎందుకూ కొరగాదు. ఫోను ఎత్తి ప్లాట్‌ఫారం ఆఫీసుకి చేసింది, మోగి మోగి ఆగిపోయింది. ఇంకోచోటికి చేసింది, అక్కడా అంతే. అందరూ రెండో నంబరు రద్దీలో ఉండి ఉంటారు. గదిలో ఇంకెవరూ లేరు. తర్వాతి బండికి ఇంకా వ్యవధి ఉంది.

మైకమ్మ చెంగు బిగించి పరిగెత్తింది.

మెట్లు ఎలా దిగిందో తెలియదు. టీ కొట్టాయన ఏమైంది మేడమ్ అని అరుస్తుంటే చెయ్యి ఊపుకుంటూ పోయింది. వంతెన ఎక్కింది, ఎదురొచ్చే జనాన్ని భుజాలతో తోసుకుంటూ, జరగండి జరగండి అంటూ. వంతెన మధ్యలో ఉండగా కాళ్ళ కింద ఇనుము అదిరింది. వెనకవైపు కిందనుంచి బండి రెండో నంబరులోకి వస్తోంది. ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు. రోజూ తిరిగిన దారే కాబట్టి ఎక్కడ మెట్టు విరిగిందో, ఎక్కడ సామాన్ల బండ్లు అడ్డం పెడతారో కాళ్ళకే తెలుసు. ఎనిమిదోదాని మీదికి దిగి, ఆ వంపు పొడుగునా, ఎండచివర దాకా పరిగెత్తింది.

వెళ్ళి ఆ పొట్టిజుట్టు కోచ్ మోచెయ్యి పట్టుకుంది. మాట్లాడటానికి ఊపిరి లేదు, మాటతో పనీ లేదు. వంతెన చూపించింది. రెండు వేళ్ళు ఎత్తింది. రెండు చేతులూ రైలు చక్రాల్లా తిప్పింది. పొద్దున టికెట్ చూపించిన అమ్మాయికి చటుక్కున అర్థమైంది. దాని చేతులు గాల్లో ఏదో గీశాయి, అంతే, బంతి ఆగింది, బ్యాగులు లేచాయి, నెట్ చుట్ట ఒకరి భుజం మీదికెక్కింది. కళ్ళు మూసి తెరిచేలోపు జట్టంతా పరుగందుకుంది.

వాళ్ళు ఆటగత్తెలు. బాణాల్లా దూసుకుపోతున్నారు. మైకమ్మ వెనకబడిపోయింది. మీరు పొండి అని చెయ్యి ఊపింది. ఆ అమ్మాయి మాత్రం వెనక్కొచ్చి, ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని లాక్కుపోయింది. వంతెన మీద అందరి అడుగులూ కలిసి దబదబలాడాయి. తన వయసేమిటో, బరువేమిటో, ఎందుకు పరిగెడుతోందో కూడా ఒక్క క్షణం మైకమ్మకి గుర్తులేదు. పరుగు మాత్రమే ఉంది. నవ్వొచ్చేసింది. పరిగెడుతూనే నవ్వింది.

రెండో నంబరు మీదికి దిగేసరికి గార్డు పచ్చజెండా ఎత్తుతున్నాడు. పిల్లలు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. మైకమ్మ కటకటాలు పట్టుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని పిలిచింది.

"గార్డుగారూ, ఒక్క నిమిషం ఆగండి. మీ ప్రయాణికులు వస్తున్నారు."

గార్డు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తలెత్తి ముందు స్పీకరుకేసి చూశాడు. తర్వాత మెట్ల మీద జుట్టు రేగిపోయి, చెమటతో తడిసి నిలబడ్డ ఆవిణ్ణి చూశాడు. ఏళ్ళ తరబడి ఆ గొంతు విన్నాకే ఆయన బండి కదిలేది. జెండా దించేశాడు.

పిల్లలు ఎక్కారు. బ్యాగులు ఎక్కాయి, నెట్ ఎక్కింది, అందరికన్నా చివర కోచ్ ఎక్కింది. బండి కదిలాక కిటికీల్లోంచి, గుమ్మంలోంచి చేతులన్నీ బయటికొచ్చి, వేళ్ళు విప్పారి గాల్లో గిరగిరా తిరిగాయి. టాటా చెబుతున్నారనుకుని మైకమ్మ కూడా అలాగే చేతులు తిప్పింది. సాయంత్రం కూతురు ఫోనులో వెతికి చెప్పింది, అది టాటా కాదు, వినపడనివాళ్ళ చప్పట్లు అని. చప్పట్లకి చప్పట్లు కొట్టొచ్చానా అని మైకమ్మ పడీపడీ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి.

కానీ అది సాయంత్రం మాట. అప్పటికి మాత్రం తర్వాతి బండి వేళవుతోంది. ఆవిడ మెట్లెక్కి గదికి వెళ్ళింది. రెండు నిమిషాలు నిలబడింది. ఊపిరి దానంతటదే సర్దుకుంది. మైకు నొక్కి, ఏమీ జరగనట్టు, నాలుగో నంబరు సంగతి చెప్పింది. కింద గుమస్తా, టీ కొట్టాయన, ఊడ్చే ఆవిడ ముగ్గురూ పైకి చూస్తూ నిలబడి విన్నారు. ఒక్క మాట తెగలేదు.

స్టేషన్ మాస్టరు పిలిపించాడు. డ్యూటీలో ఉండగా గది వదిలి వెళ్ళడం తప్పు కదా అన్నాడు. తప్పేనంది మైకమ్మ. ఇంకొకరుంటే పంపేదాన్ననీ, ఎవరూ ఫోనెత్తలేదనీ చెప్పింది. ఆయన, ఆ వంతెన అంత తొందరగా నేను కూడా దాటలేనండీ అన్నాడు. తర్వాత తనే లేచి ఆవిడతో ఎనిమిదో నంబరు చివరిదాకా నడిచి, గోడకేసి తిరిగిన స్పీకరు కింద నిలబడి విన్నాడు. ఇంకో నెలకి స్పీకర్లు సరిచేశారు. వాటి పక్కన వెలిగే అక్షరాల బోర్డులు కూడా పెట్టించారు, ఏ బండి ఎక్కడికి మారినా కంటికి కనపడేలా.

మైకమ్మ అంతటితో ఊరుకోలేదు. రోజులో ఒక పూట మైకు దగ్గర, ఒక పూట ప్లాట్‌ఫారాల మీద ప్రయాణికుల సాయానికి వెయ్యమని అడిగింది. ఆ తిరిగే పని ఎవరికీ గిట్టదు, అందరూ ఏదో వంక పెట్టి తప్పించుకునేవాళ్ళే. కోరి అడిగిన మనిషిని చూసి స్టేషన్ మాస్టరు వెంటనే సరేనన్నాడు. రెండో పూటకి మైకు దగ్గర ఒక కొత్తమ్మాయిని వేశారు. మైకమ్మ ఆ అమ్మాయికి నేర్పిన మొదటి పాఠం, లేచి నిలబడి మాట్లాడమని.

డాక్టరమ్మ మళ్ళీ చూసి, మెట్లెక్కించి నాడి పట్టుకుని, సంతోషంగా భుజం తట్టింది. మైకమ్మేమీ సన్నబడి తీగలా అయిపోలేదు. మనిషి అదే మనిషి, కాస్త గట్టిపడింది. మోకాళ్ళు అప్పుడప్పుడూ మొరాయించేవి. వానరోజుల్లో బద్ధకం వేసేది. అలాంటప్పుడు కొత్తమ్మాయి టీ తెస్తానంటే, నా టీ నేను తెచ్చుకుంటానులే తల్లీ అని దిగేది.

విచిత్రం ఏమిటంటే, భర్తకి కుళ్ళు పుట్టింది. ఇంట్లో రోజూ ఆవిడ కబుర్లే, ఆవిడ వంతెనలే. ఒకరోజు ఆయన సాయంత్రం కారు స్కూల్లోనే వదిలేసి, నడిచి స్టేషన్‌కి వచ్చాడు. గుమ్మంలో చెమట తుడుచుకుంటూ నిలబడ్డ ఆయన్ని చూసి, కారేమైందండీ అంది ఆవిడ.

"కారుకి ఏమీ కాలేదు. నాకే, రోజంతా బ్రేకు మీద కాలుపెట్టి విసుగొచ్చింది. నడుద్దాం పద" అన్నాడు.

ఇద్దరూ బయల్దేరారు. పెళ్ళయినప్పట్నుంచీ కారులోంచి చూసిన వీధులే. కాళ్ళ మీద వెళ్తుంటే కొత్తగా ఉన్నాయి. చెప్పులు కుట్టే కొట్టు పక్కన ఇంత పెద్ద పుస్తకాల దుకాణం ఉందా అన్నాడు ఆయన. ఎదురుగా కారులో వచ్చే కుర్రాణ్ణి చూసి, వీడు నా దగ్గరే నేర్చుకున్నాడు, రెండుసార్లు గోడ గుద్దాడు అన్నాడు. ఆవిడ ఆవేళ ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన తాతగారి సంగతి చెప్పింది. ఆయన దానికి ఇంకేదో కలిపాడు. కారులో ఎప్పుడూ రోడ్డుకేసి చూస్తూ ఊఁ కొట్టే మనిషి, ఇవాళ మొహంకేసి చూస్తూ మాట్లాడుతున్నాడు. ఆవిడ కూడా చేతులు తిప్పుతూ చెప్పుకుపోతోంది.

పై అంతస్తు వరండాలో ఉతికిన బట్టలు తీస్తున్న అత్తగారికి, కొడుకూ కోడలూ కబుర్లాడుకుంటూ వీధి మలుపు తిరగడం కనపడింది. గుమ్మం ముందుకొచ్చారు. గుమ్మం దాటారు. పక్కిల్లు కూడా దాటారు. అత్తగారు కటకటాల మీదకి వంగి కేకేసింది.

"ఒరేయ్, ఇల్లిక్కడుందిరా. ఎక్కడికి వెళ్ళిపోతున్నారు?"

ఇద్దరూ ఆగి వెనక్కి చూశారు. ఇంటిని చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. వెనక్కి రాలేదు. రమ్మని చెయ్యి ఊపారు. అత్తగారు బట్టల మోపు మనవరాలి చేతిలో పెట్టి, చెప్పులేసుకుని, గబగబా మెట్లు దిగింది.